అచ్చు మీద గాటు

డాక్టరు చెయ్యి బర్రె కడుపులోకి మోచేతి పైదాకా పోయి, బయటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకొని వస్తోంది. మొదట గడ్డి వచ్చింది. తర్వాత పులిసిన అన్నం వచ్చింది. ఆ తర్వాత అన్నీ కవర్లే.

ఉదయం పది కాకముందే ఆళ్లగడ్డలో ఎండ మాడ్చేస్తోంది. ఉమామహేశ్వరమ్మ ఇంటి ముందు రేకుల పంచలో బర్రెను రెండు గుంజల మధ్య నిలబెట్టి కట్టేశారు. ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీకి, మత్తుసూది వేసి, జానెడు పొడవున కోశారు. అది నిలబడే ఉంది. లోపల ఎవరి చెయ్యో తిరుగుతున్నట్టు దానికి తెలుస్తోందో లేదో గాని, కళ్ళు పెద్దవి చేసుకొని ముందుకే చూస్తోంది. ఐదు రోజులుగా మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గొడ్డు గ్లాసెడు కూడా ఇవ్వడం లేదు. భర్త పోయిన ఆరేళ్ళుగా ఉమామహేశ్వరమ్మ ఆ పాల మీదే బతుకుతోంది.

తల దగ్గర పలుపు పట్టుకొని నిలబడిన మనిషి పక్కింటి మహాలక్ష్మి. బైపాసు దగ్గర విస్తరాకుల షెడ్డులో మిషను మీద పని చేస్తుంది. ఈ పూటకు సెలవు అడిగి వచ్చింది. సెలవంటే రోజు కూలి మూడు వందల యాభైలో సగం పోయినట్టే. పోతే పోయిందనుకుంది. ఇరుగుపొరుగన్నాక ఈ మాత్రం నిలబడకపోతే ఎట్లా?

"గట్టిగా పట్టుకోమ్మా, తల తిప్పనియ్యొద్దు," అన్నాడు డాక్టరు.

కవర్లు ఒక్కొక్కటే బకెట్లో పడుతున్నాయి. ఒకటి జారి మహాలక్ష్మి కాలి దగ్గర పడింది. కడుపులో నాని పసుపు రంగుకు తిరిగింది గాని ఎక్కడా చిరగలేదు. గుండ్రంగా ఉంది. అంచు చుట్టూ సన్నటి ముడతలున్నాయి. ఆ ముడతల్లో ఒకచోట గోరు దిగినంత గాటు ఉంది.

మహాలక్ష్మి దాన్ని కాలివేళ్ళతో పేడ కిందికి తోసేసింది.

ఆ గాటు ఆమెకు తెలుసు. షెడ్డులో నాలుగు మిషన్లున్నాయి. పోయిన ఏడు ఆమె మిషను అచ్చు మీద స్పానరు పడి అంచు దెబ్బతింది. అప్పట్నుంచి ఆ మిషనులోంచి వచ్చే ప్రతి విస్తరికీ ఆ చోటే ఆ గుర్తు పడుతోంది. పక్క మిషను మీద పనిచేసే జెస్సీ ఎగతాళి చేసేది: "అక్కా, నీ ఇస్తరాకు యాడున్నా నేను కనుక్కుంటా. నీ సంతకం ఉంటాది గదా."

డాక్టరు నడుము నిటారు చేసుకొని బకెట్లోకి చూశాడు.

"ఇవి రోడ్డు మీద తిన్నెట్లు లేవమ్మా. అన్నీ ఒకే సైజు, గుండ్రంగా ఉండాయి. యాడివి?"

"రోడ్డు మీదికి నేను వదిలిందే లేదు సార్," అంది ఉమామహేశ్వరమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "వరిగడ్డి, తవుడు, ఫంక్షన్ హాలు ఇస్తరాకులు. ఇంగేం పెట్టలే. అవి ఆకులే గదా." మహాలక్ష్మి వైపు తిరిగింది. "ఆకులే గదా మాలక్ష్మీ? నువ్వే చేస్తాండావు గదా?"

మహాలక్ష్మి పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"ఊ," అంది.

ఈ పక్క ఊళ్ళల్లో తిన్న విస్తరాకును ఎవరూ ఊరికే పారేయరు. పెళ్ళయినా, దినమైనా, బంతి లేచేసరికి పశువులున్నవాళ్ళు గోతాలు పట్టుకొని వెనక వాకిట్లో నిలబడి ఉంటారు. ఆకూ, ఆకులో మిగిలిన నాలుగు మెతుకులూ గొడ్డుకు పోతాయి. ప్లాస్టిక్ ప్లేట్లు వచ్చిన పదేళ్ళు ఆ గోతాల జాడ లేదు. ఊళ్ళల్లో ప్లాస్టిక్ కూడదని కట్టడి మొదలై, ఫంక్షన్ హాళ్ళలో మళ్ళీ ఆకు కనబడ్డాక, ఉమామహేశ్వరమ్మ అటక మీది గోతం దింపి దులిపింది. అయినా ఆమె తొందరపడే మనిషి కాదు. ముందు మహాలక్ష్మినే పిలిచి అడిగింది.

"అంతా ఆకేనా మాలక్ష్మీ? మధ్యలో ఏందో మెరుస్తాంది."

"అది మొక్కజొన్న కవరు వదినా. మట్టిలో యేస్తే మట్టయిపోతాది. మా శ్రీకాంతన్న పూడ్చిపెట్టి మరీ సూపిచ్చినాడు. కింద అట్ట గూడా గడ్డితో చేసిందే. పెట్టుకో."

చెప్పిన రోజు అది అబద్ధం కాదు. షెడ్డు పెట్టినప్పుడు శ్రీకాంత్ నిజంగానే మొక్కజొన్న పిండితో చేసిన కవరు రోలు, పెద్ద చుట్ట, తెప్పించాడు. కింద అట్ట, మధ్యలో ఆ కవరు, పైన నల్లమల గూడేల నుంచి వచ్చిన మోదుగాకు. మూడూ అచ్చులో పెట్టి వేడిగా నొక్కితే విస్తరి. అప్పుడు షెడ్డంతా పేలాలు వేయించినట్టు కమ్మటి వాసన వచ్చేది. శివరాత్రి దాటాక కొత్త రోలు వచ్చింది. మొదటి విస్తరి నొక్కగానే మహాలక్ష్మి ముక్కుకు తెలిసిపోయింది. చేతికున్న ప్లాస్టిక్ గాజు దీపం మంటకు తగిలితే వచ్చే వాసన అది. ఆమె తలెత్తి జెస్సీ వైపు చూసింది. జెస్సీ ఆమె వైపు చూసింది. ఇద్దరూ మళ్ళీ మిషను పెడలు తొక్కారు.

రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఎన్నిసార్లు ఉమామహేశ్వరమ్మ గోతం నెత్తిన పెట్టుకొని ఫంక్షన్ హాలు నుంచి వస్తూ గుమ్మంలో కనబడింది! ఎన్నిసార్లు "అన్నం తిన్నావా మాలక్ష్మీ" అని పలకరించింది! గోతం అంచు దాటి ఆకు బయటికి కనబడేది. ఈసారి చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే మహాలక్ష్మి నోరు మూసుకుంది. చెప్తే ఉమామహేశ్వరమ్మ ఊరుకునే మనిషి కాదు, ఫంక్షన్ హాలులో అడుగుతుంది. అక్కడ అడిగితే షెడ్డుకు తెలుస్తుంది. షెడ్డు ఆగితే ఏమిటన్న ప్రశ్న దగ్గర ఆమె ఆలోచన ప్రతిసారీ తెగిపోయేది.

మహాలక్ష్మి భర్త నంద్యాలలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పదిహేను రోజులకొకసారి వస్తాడు. కొడుకు పవన్ అక్కడే ఐటిఐలో చేరాడు. ఇల్లు నడిచేది ఈ మిషను మీద. పైగా షెడ్డులో ఉన్న ఎనిమిది మందిలో ఆరుగురిని ఆమే ఇంటింటికీ తిరిగి పిలుచుకొని వచ్చింది. "ఎండలో మిరప్పండ్లు కోసేకంటే నీడపట్టు పని, మేలైన పని, ప్లాస్టిక్ పోగొట్టే పని" అని తనే చెప్పింది. ఇప్పుడు ఆ మాటలు గుర్తొస్తే ఒళ్ళు చచ్చిపోతుంది.

కుట్లు వేసేసరికి పదకొండున్నర దాటింది. బకెట్ నిండా కవర్లు. డాక్టరు మందుల చీటీ రాసి ఇచ్చాడు.

"రెండు దినాలు గడిస్తే గాని ఏం చెప్పలేనమ్మా. నెమరు యేస్తే బతికినట్లు. పొట్టకు కుట్లు యేసినాం గాని, లోపల శానా పాడైంది."

ఉమామహేశ్వరమ్మ బర్రె మెడ కింద చెయ్యి వేసి నిమురుతూ ఉంది. "తొంబై వేల గొడ్డు," అనలేదు. "మా తల్లి, మా తల్లి," అంటోంది. మహాలక్ష్మి ఇంక నిలబడలేకపోయింది. పనికి పొద్దుపోతోందని చెప్పి బయటపడింది.

షెడ్డులో కరెంటు అప్పుడే వచ్చినట్టుంది, నాలుగు మిషన్లూ ఆవిరి కక్కుతున్నాయి. రేకుల కప్పు కింద ఆ వాసన గడ్డకట్టి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రెండు నెలలుగా అలవాటైన వాసనే. ఈ రోజు ఆ కవర్లనే బకెట్లో చూసి వచ్చింది గనక కొత్తగా తగిలింది.

శ్రీకాంత్ ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. గడివేముల వైపు భూములున్న కుటుంబం. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం వదులుకొని, మంచి పని చేద్దామనే ఈ షెడ్డు పెట్టాడు. కూలి ఏనాడూ ఆపలేదు. ఆడవాళ్ళందరినీ అక్కా అనే పిలుస్తాడు. అతన్ని తిట్టుకుందామన్నా మహాలక్ష్మికి తిట్టు దొరికేది కాదు.

"వచ్చినావా అక్కా. బేగా మొహం కడుక్కో. నాలుగింటికి లక్ష్మీనారాయణన్న వస్తాండాడు."

లక్ష్మీనారాయణ నంద్యాలలో పెద్ద క్యాటరింగ్ మనిషి. పోయిన నెల ప్లాస్టిక్ ప్లేట్లకు జరిమానా కట్టి, ఇకపైన ఆకు తప్ప వాడనని ప్రకటించాడు. ఈ ముహూర్తాలకు ముప్పై వేల విస్తళ్ళు కావాలంటున్నాడు. తన దగ్గరికి వచ్చే పెళ్ళివాళ్ళకు చూపించడానికి, ఆకు కుడుతున్న ఆడమనిషిని వీడియో తీసుకుంటాడట.

"అన్నా, నీతో ఒక మాట," అంది మహాలక్ష్మి. ఆకు కట్టల వెనక్కి పిలిచి చెప్పింది. బర్రె సంగతి, బకెట్ సంగతి, గాటు సంగతి, అన్నీ.

శ్రీకాంత్ మొహం మారిపోయింది. నేల మీద ఆకు ముక్కను చెప్పుతో అటూ ఇటూ తోశాడు.

"ఆమెకు చెప్పినావా?"

"ల్యా."

"చెప్పొద్దక్కా. ఈ రెండు దినాలు ఆగు. మందుల ఖర్చు నేనిస్తా. గొడ్డుకేమన్నా అయితే దానికీ ఏదో ఒకటి చేద్దాం."

"పాత రోలు తెప్పియ్యన్నా. మొక్కజొన్న రోలు."

"దాని రేటు మూడింతలు." అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "కవరు ల్యాకుండా ఉట్టి ఆకు పంపిస్తే సాంబారు కారిందని రెండు లోడ్లు తిప్పి పంపలేదా? నువ్వే చూస్తివి గదా. వాళ్ళకు ఆకు గావల్ల, సాంబారు కారగూడదు, నాలుగున్నర రూపాయలకే రావల్ల. మూడూ యాడ కుదుర్తాయి, నువ్వే చెప్పు. నేనేమన్నా మిద్దెలు కడ్తాండానా? ఈ లోడు పోకపోతే షెడ్డు మూసేస్తా అక్కా. ఇంగ నా చేత గాదు."

అందులో అబద్ధమేమీ లేదు. అదే ఆమెకు ఊపిరాడకుండా చేసింది. తిట్టడానికి ఒక దుర్మార్గుడన్నా ఉంటే మనసు కొంత తేలికపడుతుంది. ఇక్కడ ఎవరిని చూసినా దారి లేనివాళ్ళే, చివరికి కడుపు పూడుకుపోయింది మాత్రం ఒక నోరులేని గొడ్డుకు.

మిషన్ల దగ్గర చప్పుడు తగ్గింది. ఆడవాళ్ళు వింటున్నారు. జెస్సీ పెడలు మీద కాలు పెట్టి తొక్కకుండా ఇటే చూస్తోంది. దానికి ఇరవై మూడేళ్ళు. అద్దె ఇంట్లో ఉంటూ, మంచం పట్టిన తల్లిని చూసుకుంటోంది. మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పేటప్పుడు పక్కన చేరి మెల్లగా అడిగింది.

"అక్కా, పని పోతాదా?"

మహాలక్ష్మి అన్నం కలుపుకొని తినకుండానే మూత పెట్టింది.

నాలుగింటికి లక్ష్మీనారాయణ కారు దిగాడు. తెల్లచొక్కా, చేతిలో పెద్ద ఫోను. నవ్వు మొహం. షెడ్డు బయట వేపచెట్టు నీడలో చాప వేశారు. చాప మీద కడిగిన మోదుగాకులు, చీపురు పుల్లల కట్ట పెట్టారు. మిషన్లు కనబడకుండా తలుపు దగ్గరికి వేశారు. చేత్తో విస్తరి కుట్టడం వచ్చిన మనిషి షెడ్డులో మహాలక్ష్మి ఒక్కతే. మిగతావాళ్ళు వచ్చిందే మిషను పనికి. ఆమె మాత్రం తల్లి దగ్గర పదేళ్ళ వయసులో నేర్చుకుంది. వందాకులు కుడితే అరవై రూపాయలు వచ్చిన కాలంలో దాని మీదే ఇల్లు గడిపింది. మిషను విస్తరి వచ్చాక చేతి విస్తరిని అడిగిన నాథుడు లేడు.

శ్రీకాంత్ ఒక కాగితం ఆమె చేతికిచ్చాడు. మూడే మాటలు. పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి.

"కుడ్తా కుడ్తా చెప్పల్లక్కా. తల వంచుకొనే చెప్పు, సహజంగా ఉంటాది."

ఆమె చాప మీద కూర్చుంది. ఎన్నేళ్ళయిందో ఇట్లా కూర్చొని. నడిమి ఆకు ఒళ్ళో పెట్టుకొని, రెండో ఆకు దాని అంచు మీదికి జరిపి, పుల్ల గుచ్చి, పైకి తీసి, మిగిలిన ముక్కను చిటుక్కున విరిచింది. మోదుగాకుకు ఈనె పక్కన గుచ్చితే చీలిపోతుంది, ఈనెను కలుపుకొని గుచ్చాలి. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. మూడో ఆకు, నాలుగో ఆకు. ఆ కాసేపు ఆమెకు బర్రె, బకెట్, ముప్పై వేలు ఏవీ గుర్తు రాలేదు. సంతోషంగా ఉంది. ఆ సంతోషానికి సిగ్గేసింది కూడా.

"చెప్పమ్మా," అన్నాడు లక్ష్మీనారాయణ ఫోను ఎత్తి పట్టుకొని.

"మా ఇస్తరాకు నల్లమల మోదుగాకుతో చేసింది," అంది. అది నిజమే.

"ఆఁ, బాగుంది. చెప్పు చెప్పు."

"ఇందులో ప్లాస్టిక్..." ఇంకో పుల్ల గుచ్చి మళ్ళీ అంది, "ఇందులో ప్లాస్టిక్ ల్యాదు." ఒళ్ళో ఉన్న ఆకులో లేదు గదా అని తనకు తనే చెప్పుకుంది. రెండు నెలలుగా అట్లాంటివి ఎన్ని చెప్పుకుందో.

మూడో మాట కాగితం మీద ఉంది. చదవాల్సిన పని లేదు, ఆమెకు నోటికి వచ్చిందే. తిన్నాక పశువుకు పెట్టండి.

ఆమె నోరు తెరిచింది. గోతం నెత్తిన పెట్టుకొని నవ్వుతూ వస్తున్న ఉమామహేశ్వరమ్మ కళ్ళ ముందు నిలబడింది. "పెట్టుకో" అని ఆ రోజు తను అన్న మాట చెవిలో మోగింది. ఇదే మాట. కాగితం మీద ఎవరో రాసింది కాదు, ముందు తన నోటి నుంచే వచ్చింది. ఇప్పుడు ఫోనులోకి పోతుంది, నంద్యాల పోతుంది, అక్కడి నుంచి ఇంకా ఏ ఊళ్ళకో. గోతాలు ఎన్ని ఇళ్ళల్లో అటక దిగుతాయో.

"ఈ మాట నేను చెప్పనన్నా," అంది.

లేచి, తలుపు తోసి, తన మిషను పక్కన పేర్చిన దొంతి నుంచి ఒక విస్తరి తెచ్చింది. అంచున గాటు దగ్గర గోరు పెట్టి లాగింది. ఆకు చిరిగింది. కింద కవరు మెరుస్తూ, చుట్ట తిరిగి, ఆమె వేళ్ళకు అంటుకొని పైకి లేచొచ్చింది.

"పొద్దున ఇట్లాంటివి మా పక్కింటి బర్రె కడుపులోంచి తీసినారు సార్. ఇవే. ఈ గాటు నా మిషందే."

శ్రీకాంత్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇప్పుడు ఈయన కోప్పడతాడు, కారెక్కి వెళ్ళిపోతాడు అనుకుంది మహాలక్ష్మి. వెళ్ళిపోతే పని పోతుంది, పోనీ, కనీసం తేలిపోతుంది.

లక్ష్మీనారాయణ ఫోను దించి, నిదానంగా నవ్వాడు.

"తెలుసులేమ్మా," అన్నాడు. "ఇరవై ఏండ్లుగా వంటలు చేయిస్తాండా. నాలుగున్నరకు సాంబారు కారని ఆకు యాడొస్తాది? తినేటోళ్ళకు పైన ఆకు కనపడితే చాలు. ఆ పశువు మాట అంత బాధైతే తీసేయ్, మిగతా రెండూ చెప్పినావు గదా, సరిపోతాది."

కవరు ఇంకా మహాలక్ష్మి వేళ్ళకు అంటుకొనే ఉంది.

"అవి గూడా తీసేయండి సార్. నా మొగం తీసేయండి."

"అక్కా," అన్నాడు శ్రీకాంత్, బతిమాలినట్టు.

"నేను చెప్పనన్నా."

లక్ష్మీనారాయణ గడియారం చూసుకున్నాడు. "పోనీలే. ఆ పిల్లను కూర్చోబెట్టు. కళగా ఉంది."

జెస్సీని పిలిచారు. జెస్సీ వచ్చింది. రాకుండా ఉండే దారి దానికి లేదు. చాప మీద కూర్చొని, కాగితం తీసుకొని, మహాలక్ష్మి మొహం చూడకుండా ఆకు ఒళ్ళో పెట్టుకుంది. పుల్ల గుచ్చింది. ఈనె పక్కనే గుచ్చింది. ఆకు నిలువునా చీలింది. ఇంకో ఆకు తీసుకుంది. అదీ చీలింది.

"ఆమెకు కుట్టడం రాదు సార్," అన్నాడు శ్రీకాంత్.

లక్ష్మీనారాయణకు వెంటనే ఉపాయం తట్టింది. ఆ ఉపాయంలో అతనికి తప్పేమీ కనబడలేదు. మహాలక్ష్మి వైపు తిరిగి మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, నువ్వేం మాట్లాడొద్దు. నీ మొగం గూడా రాదు. ఉట్టి చేతులు తీసుకుంటా. మాట ఆ పిల్ల చెప్తాది. కుట్టే చేతులు మటుకు నీవి. నీ పని నీకుంటాది, ఆమె పని ఆమెకుంటాది. ఏమంటావ్?"

తలుపు దగ్గరికి మిగతా ఆరుగురు ఆడవాళ్ళూ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ కళ్ళల్లో ఉన్నది మహాలక్ష్మికి బాగా తెలుసు. వాళ్ళను ఇంటింటికీ పోయి పిలిచినప్పుడు ఆ కళ్ళే చూసింది. జెస్సీ తల ఎత్తింది. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"కుట్టక్కా," అంది. "చేతులే గదా."

చేతులే. ఆకు కుట్టినవీ ఇవే, పెడలు తొక్కుతూ అచ్చులో కవరు సర్దినవీ ఇవే, పొద్దున కవరును పేడలోకి తోసింది కాలయినా, ఆ తర్వాత "ఊ" అనే ముందు పలుపు బిగించినవీ ఇవే. సాయంత్రం ఇంటికి పోవాలంటే ఆ పంచ ముందు నుంచే పోవాలి. బర్రె నెమరు వేస్తుందో లేదో తెలియదు. వేసినా వేయకపోయినా ఉమామహేశ్వరమ్మ ముందు నిలబడి ఆ "ఊ" వెనక్కి తీసుకోవాలి. అది ఇంకా మిగిలే ఉంది. దాన్ని తలుచుకుంటే ఇక్కడి కంటే అక్కడే ఎక్కువ భయమేస్తోంది.

మహాలక్ష్మి జెస్సీ పక్కన చాప మీద కూర్చుంది. శ్రీకాంత్ ఊపిరి వదిలాడు. లక్ష్మీనారాయణ ఫోను ఎత్తాడు.

ఆమె వేళ్ళకు అంటుకున్న కవరును మెల్లగా వలిచి, చాప మీద, ఫోనుకు కనబడేచోట పెట్టింది. తర్వాత రెండు చేతులూ కొంగులో చుట్టుకొని ఒళ్ళో పెట్టుకుంది.

"తియ్యక్కా చేతులు," అన్నాడు శ్రీకాంత్.

ఆమె తీయలేదు.

షెడ్డులో ఎవరి మిషనులోనో మరిచిపోయిన ఆకు మాడుతోంది, ఆ వాసన వేపచెట్టు కిందికి కూడా వస్తోంది. ఫోను అట్లాగే ఎత్తి ఉంది. జెస్సీ ముక్కు తుడుచుకొని మూడో ఆకు తీసుకుంది.